కుంకుమ పెట్టిన కీబోర్డు

ఎనభైల్లో నేను ఆదోనిలోని ఒక పత్తి మిల్లులో టైపిస్టుని. మా యజమాని గొప్ప కోసం బొంబాయి నుంచి సూట్‌కేసులాంటి కంప్యూటర్ తెచ్చాడు. దాని మూతే కీబోర్డు. మీటలు నొక్కితే టకటకమనేవి. ఆయుధపూజనాడు ఆ మీటలన్నిటికీ గంధం, కుంకుమ పూసి, కొబ్బరికాయ అందుకున్నాడు.

"దానిమీద వద్దు సార్, నీళ్ళు లోపలికి పోతాయి," అన్నాను.

"పూజ కాడ అడ్డం మాట్లాడతావా? గమ్మునుండమ్మా!" అంటూ కాయ కొట్టి, నీళ్ళన్నీ దానిమీదే పోశాడు.

మర్నాడు ఒక్క అక్షరమూ పడలేదు.

"నువ్వు అపశకునం పలికినందుకే సెడిపోయింది. రేపట్నుంచి రావాకు!" అని అందరి ముందూ అరిచాడు.

నేను మా ఊరు ఎమ్మిగనూరుకు తిరిగొచ్చేశాను. మరుసటి ఏడు పూజకు యజమాని ఆ కీబోర్డునే బిందెడు నీళ్ళతో కడిగించి, మళ్ళీ బొట్లు పెట్టాడట. చచ్చిన కీబోర్డుకు ఆ మిల్లులో చోటుంది. నోరున్న నాకే లేకపోయింది.