నింద నీళ్ళ మీద వేశాను

ఇది రాద్దామని కూర్చోవడం, లేచిపోవడం, ఇదే పని చాలాకాలంగా. ఇన్నేళ్ళూ ఈ మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో నాకు పనేముంది?

నా ఆడపడుచు కిడ్నీలు పాడవడంలో నా చెయ్యి ఉంది. మాటవరసకి అనడం లేదు. నా చేత్తోనే ఆమె పొట్టకి సూది గుచ్చాను. వారం వారం గుచ్చాను.

ఊళ్ళో అందరూ మాత్రం నీళ్ళ వల్ల అనుకుంటున్నారు. అనుకోనిచ్చాను.

మాది పలాస. టీచర్ని. మా ఆయన చెల్లెల్ని కవిటి దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. అసలు పేరు వద్దు, ఢిల్లేశ్వరి అనుకోండి. మా జిల్లాలో వీధికో ఢిల్లేశ్వరి ఉంటుంది కాబట్టి ఎవరూ పోల్చుకోలేరు. భర్త మిలిటరీలో ఉంటాడు. ఇంట్లో ఆమె అత్తగారు, ఒక కూతురు. కొబ్బరితోట, కొంచెం జీడితోట. మామగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. కవిటి వైపు ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉంది, నీళ్ళ వల్లే అంటారు; అక్కడ ఆ మాట చెబితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఆ అడగకపోవడమే నన్ను కాపాడింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను బాగా లావుగా ఉండేదాన్ని. స్టాఫ్‌రూములో నేను కూర్చోబోతుంటే ఆ కుర్చీ కాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. పంటి డాక్టర్ దగ్గరికని మా ఆయనకి చెప్పి, విశాఖపట్నంలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రక్తపరీక్షలు చేయించి, కిడ్నీలు కూడా చూసి, షుగర్ ఉన్నవాళ్ళకిచ్చే ఒక ఇంజెక్షన్ రాశారు. ఆకలి చంపేస్తుంది, బరువు తగ్గుతుంది. మొదట తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. వాంతులు ఎక్కువైతే ఆపేసి రమ్మన్నారు, ఒంట్లో నీరు తగ్గనివ్వొద్దన్నారు. మందు మానేస్తే బరువు మళ్ళీ వస్తుందని కూడా చెప్పారు. మరి ఎన్నాళ్ళు వాడాలి అంటే, అలా ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో మాకూ పూర్తిగా తెలీదమ్మా, చూస్తూ వాడాలి అన్నారు. ఆయన దాచిందేమీ లేదు. దాచిందంతా నేనే.

తగ్గాను. నిజంగానే తగ్గాను. పాత జాకెట్లన్నీ వదులైపోయాయి. ఎలా తగ్గావంటే నడక అన్నాను, చోడి అంబలి, అదే రాగిజావ, అన్నాను. ఎందుకన్నాను? సూదితో తగ్గానంటే అందులో నా గొప్పేముంది? నడిచి తగ్గానంటే పట్టుదల గల మనిషి అంటారు. కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నా వెనక ఆడవాళ్ళు నడవడం మొదలుపెట్టారు. స్కూల్లో ప్రార్థన అయ్యాక పిల్లలకి వ్యాయామం గురించి చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నేను మురిసిపోయాను, ఇప్పుడు తలుచుకుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

ఢిల్లేశ్వరి ఒక్కతే నమ్మలేదు.

ఆదివారం సంతకి పలాస వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చేది. ఒకరోజు వంటింట్లో నన్ను ఎగాదిగా చూసి, "వదినా, నడిసి తగ్గావంటే నానొప్పుకోను. పొద్దున్లేసిన కాడ్నించీ తోటలో నడుత్తానే ఉంతాను, నానేటి తగ్గినాను? అసలు సంగతి సెప్పు" అంది. నవ్వుతూనే అంది. గ్రౌండులో నా వెనక నడిచే ఆడవాళ్ళు గుర్తొచ్చారు, చప్పట్లు గుర్తొచ్చాయి. ఇది ఎక్కడైనా నోరు జారితే?

ఫ్రిజ్ తీసి కూరగాయల వెనక దాచిన ఇంజెక్షన్ చూపించాను. నీకూ ఇస్తాను, కానీ ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యమన్నాను. మీ అన్నయ్యకి కూడా, నీ మొగుడికి కూడా. నా చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది.

ప్రేమతో ఇచ్చానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. పాపం మోకాళ్ళు నొప్పులంటోంది, తగ్గితే సుఖపడుతుంది కదా అని. అబద్ధం. నోరు మూయించడానికి ఇచ్చాను. లంచం ఇచ్చాను.

డాక్టర్‌కి చూపించలేదు. చూపిస్తే పరీక్షలంటాడు, ఇంట్లో తెలుస్తుంది. నా చీటీ మీదే ఆమెకీ కొన్నాను. నాకు మెల్లగా పెంచుకుంటూ వచ్చిన డోసుని ఆమెకి మొదటి రోజే ఇచ్చాను. వాంతులైతే ఆపాలన్న మాట నాకు చెప్పారు, నేను ఆమెకి చెప్పలేదు. మరిచిపోయానా? లేదు. చెబితే భయపడి మానేస్తుంది, మానేస్తే నోరు ఊరుకోదు అనుకున్నాను.

జీడిపిక్కలు ఏరే రోజులవి. ఎండ మండిపోతోంది. తోటలో వంగి పిక్కలు ఏరుతూ, తిన్నది కక్కుకుంటూ, మంచినీళ్ళు కూడా సయించక, ఆమె కళ్ళ ముందే సన్నబడిపోయింది. పలాసలో ఎవరైనా సన్నబడితే బాగున్నావంటారు. ఉద్దానంలో అలా అనరు. అక్కడ సన్నబడిన మనిషిని చూస్తే అందరికీ గుండె జారుతుంది. ఆమె అత్తగారికి భయం పట్టుకుంది. ఇరుగుపొరుగు వచ్చి టెస్టు చేయించారా అని అడిగారు. అదే వారం ఊరికి రక్తపరీక్షల క్యాంపు వచ్చింది. ఢిల్లేశ్వరి నాకు ఫోన్ చేసి, "మా అత్త ఎల్లమంతంది, ఏటి సెయ్యమంతావు" అంది.

క్యాంపులో ఏం మందులు వాడుతున్నావని అడుగుతారు. అది తప్ప నా బుర్రకి మరేమీ తట్టలేదు. డైటింగులో ఉన్నప్పుడు టెస్టు చేయిస్తే తేడాగా చూపిస్తుంది, అనవసరంగా కంగారు పడతారు, కొన్నాళ్ళు ఆగు అన్నాను. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో అన్నాను. తర్వాత అత్తగారు ఫోన్ తీసుకుంటే ఆవిడకీ అదే చెప్పాను. చదువుకున్నదానివి, నీకు తెలీదా అని ఊరుకుంది. అక్షరం ముక్క రాని ఆ ముసలావిడ సరిగ్గానే భయపడింది. ఆ భయాన్ని పోగొట్టింది నేను.

సీజను అయిపోకముందే తోటలో పడిపోయింది.

శ్రీకాకుళం తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది, మొహం ఉబ్బిపోయి ఉంది. అత్తగారు తల దగ్గర నిలబడింది, నేను కాళ్ళ దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. డాక్టర్ అడిగాడు:

"ఈ మధ్య ఏమైనా మందులు వాడారా అమ్మా? నొప్పుల మాత్రలు, నాటుమందు, ఏదైనా సరే చెప్పండి."

ఢిల్లేశ్వరి తల తిప్పి నా వైపు చూసింది. అనుమతి కోసం చూసింది. అంతే, ఒక్క ఊపు తల ఊపితే సరిపోయేది. నేను ఫ్లాస్కు మూత బిగిస్తూ కిందికి చూశాను. బిగిసిన మూతనే మళ్ళీ బిగించాను.

"ఏటీ నేదు బాబూ," అంది.

"మందులేటి బాబూ, మా ఊరి నీల్లే ఇసం," అంది అత్తగారు. "మా ముసిలోడ్నీ ఆ నీల్లే తినేసినాయి."

ఊరి పేరు విన్నాక డాక్టర్ మరి అడగలేదు. అడగాల్సింది అడిగాడు, అబద్ధం చెప్పింది మేము. కాదు, చెప్పించింది నేను.

ఇప్పుడు ఆమె పలాసలోనే డయాలసిస్ చేయించుకుంటోంది. కొన్నాళ్ళయ్యాక విశాఖ వెళ్ళి నా డాక్టర్‌ని అడిగాను, ఎవరో తెలిసినవాళ్ళ సంగతి అన్నట్టు అడిగాను. వాంతులై ఒంట్లో నీరు పోతే కిడ్నీలు దెబ్బతినొచ్చు అన్నారు. అప్పటికే లోపల జబ్బు ఉండి కూడా ఉండొచ్చు, ఉద్దానం మనిషి కదా అన్నారు. మొదలుపెట్టే ముందు ఒక రక్తపరీక్ష చేయించి ఉంటే తెలిసేది, జబ్బు ఉంటే ఎవరూ ఈ మందు అలా ఇచ్చేవాళ్ళు కాదు అన్నారు. అంటే నేనో, నీళ్ళో, ఇద్దరమూనో ఇక ఎప్పటికీ తెలీదు. తెలీకుండా చేసింది కూడా నేనే. కొన్ని రోజులు ఆ తెలీకపోవడం వెనక దాక్కుంటాను. కొన్ని రోజులు దాక్కోనివ్వదు.

నేను ఆ ఇంజెక్షన్ మానేశాను. మంచితనంతో కాదు, భయంతో. మానగానే ఆకలి పగబట్టినట్టు తిరిగొచ్చింది, ఒళ్ళూ వచ్చేసింది. మళ్ళీ ఆ పాత జాకెట్లే వేసుకుంటున్నాను. దానికి కూడా జనం నాకు మంచిపేరే కట్టారు. పాపం ఆడపడుచు సేవలో పడి నడక మానేసింది అన్నారు. మహిళా దినోత్సవం నాడు స్కూల్లో నాకు శాలువా కప్పారు. నేను నిలబడి కప్పించుకున్నాను. నాలాంటి దానికి శాలువా కాదు, చీపురు తిరగేసి నాలుగు పెట్టాలి.

డయాలసిస్ ఉన్న రోజుల్లో ఢిల్లేశ్వరి మా ఇంట్లోనే తింటుంది. మంచినీళ్ళు కూడా కొలత ప్రకారమే తాగాలి. దాహం తీరక గ్లాసు అడుగున నాలుక ఆనించి తాగుతుంది. ఒకరోజు అది చూడలేక, అందరికీ చెప్పేస్తానే అన్నాను. గ్లాసు బోర్లించింది.

"ఇప్పుడెందుకు వదినా," అంది. "నీల్లొల్ల వచ్చిందనుకుంతంది కాబట్టి మా అత్త నాకు వండి పెడతంది. సోకుల కోసం సూదులేయించుకుందని తెలిత్తే ఆ ఇంట్లో నాను బతగ్గలనా? నానొట్టేసినాను. నువ్వూరుకో."

నన్ను కాపాడుతోందా, తనని తాను కాపాడుకుంటోందా? రెండూనేమో. కానీ ఆ మాట విన్నాక నాకు లోపల హాయిగా అనిపించింది. ఇది కూడా రాయాలి కదా. చెప్పనక్కర్లేదన్న మాటకి నా ప్రాణం లేచి వచ్చింది. అంత నీచంగా ఉంది నా సంగతి.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆమె కూతురు మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుకుంటోంది. బైపీసీ. తల్లి పోలికే, కాస్త బొద్దుగా ఉంటుంది. మొన్న పొద్దున జడ వేసుకుంటూ, "అత్తా, నువ్వప్పుడు నడిసే అంత తగ్గినావంట కదా, అమ్మ సెప్పింది. రేపట్నించి నన్నూ లేపు" అంది.

అమ్మ చెప్పింది. కన్నకూతురికి కూడా నా అబద్ధాన్నే చెప్పింది.

"నడకతో కాదమ్మా," అన్నాను. "ఇంజెక్షన్లతో. మానేశాక మళ్ళీ వచ్చేసింది. నువ్వు అలాంటివాటి జోలికి పోకు. ఎవరిచ్చినా తీసుకోకు, నేనిచ్చినా సరే."

దువ్వెన ఆగిపోయింది. అద్దంలోంచి నన్ను చూసింది.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు," అన్నాను.

జడ చివర రబ్బరుబ్యాండు వేసుకుని కాలేజీకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ పిల్ల ఒక క్షణం ఆగుతోంది. లేక నాకే అలా అనిపిస్తోందా?

సగం ఆ పిల్లకి చెప్పాను. మిగతా సగం మీకు చెప్పాను. ఈ రెండూ కలుపుకుని ఆ పిల్ల ఏదో ఒకరోజు నా ముందుకొచ్చి నిలబడుతుంది. ఆ రోజు కింద చూడకుండా ఉండగలనా? మాట ఇవ్వలేను. క్షమించమని కూడా మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. రాశాక ఒకసారి గుండెనిండా ఊపిరి తీసుకున్నాను, నాకు దొరికింది అంతే. ఇవాళ ఢిల్లేశ్వరి వచ్చే రోజు. లేచి ఉప్పు లేకుండా కూర వండాలి.