ఆటుకి ఎదురు తెడ్డు

నా ఆఖరి పోస్టింగు రాజోలు. మత్స్యశాఖలో అభివృద్ధి అధికారిని. గోదావరికి పెద్ద వరద వచ్చి తీసిన ఏడాది, కార్తీకంలో, మత్స్యకార సంఘాలకి పడవ పందెం పెట్టి నన్ను స్టార్టరుగా వేశారు. మొదటి బహుమతి కొత్త ఫైబరు బోటు.

ఆ బోటు అందరికంటే అవసరం లంక సంఘానికి. వాళ్ల పడవలన్నీ వరదకి కొట్టుకుపోయాయి. పడవ నడిపే సరంగు వెంకన్న, యాభై దాటిన మనిషి, తన ఏడుగురితో రొయ్యల చెరువుల్లో కూలికి వెళ్తున్నాడు. తెల్లవారుతూనే ఎవరి పడవో అడిగి తెచ్చుకుని సాధన చేసి, ఆ తర్వాత పనికి పోయేవారు. మలికిపురం వైపు కుర్రాళ్ల ముందు వీళ్లేం నిలుస్తారని మా ఆఫీసులో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, దాచడం దేనికి!

సముద్రం నీరు ఏట్లోకి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే ఆటు. పందెం ఎగువకి కాబట్టి పోటు సాయం ఉండేలా తొమ్మిదింటికి టైము పెట్టాను. పోటు జోరంతా నడి ఏట్లోనే. దారులకి చీటీలేస్తే లంకవాళ్లకి గట్టు పక్కది వచ్చింది. అయ్యో పాపం అనుకున్నాను.

ముఖ్య అతిథి పదకొండున్నరకి గాని దయచేయలేదు. అందాకా మిగతా జట్లు షామియానా కింద టిఫిన్లు, సెల్ఫీలు. వెంకన్న మాత్రం బురదలో పుల్ల గుచ్చి నీటిమట్టం చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా నీరు తీయడం మొదలైంది. ఎదురు తొయ్యలేమని కుర్రాళ్లు పేచీ పెట్టారు. వాయిదా వెయ్యాలా అని సరంగులందరినీ అడిగాను.

"ఆయ్, ఇప్పుడే తోసేద్దామండి. ఎదురు మాకు అలవాటేనండి" అన్నాడు వెంకన్న.

అతిథికీ తొందరే. విజిల్ వేశాను. నడి ఏట్లో ఆటు జోరుకి మిగతా పడవలకి వేగం అందలేదు. గట్టు పక్క నీరు నెమ్మది. అయినా అక్కడ లోతు తక్కువ, తెడ్డు బురదలో దిగబడితే అంతే సంగతులు. ఎనిమిది తెడ్లూ జానెడు లోతున ఒక్కసారే మునిగి ఒక్కసారే లేచాయి. సగం పడవ తేడాతో గెలిచారు. ముప్పై ఏళ్ల సర్వీసులో అలాంటి తెడ్డు పని నేను చూడలేదు.

శాలువాలున్నాయి, ఫొటోకి ఉండమని అతిథి కబురంపారు. వెంకన్న నాకు చేతులు జోడించాడు.

"ఇంకా తీసిందంటే మా రేవుకి బోటు ఎక్కదండి. ఊరంతా దీనికోసమే చూస్తందండి."

ఎనిమిదిమందీ కొత్త బోటెక్కి వెళ్లిపోయారు. శాలువాలు స్టేజీ మీదే ఉండిపోయాయి.

మంచి దారి, చెడ్డ దారి అని నేను అనుకున్నది ఒక పూట నీటికే చెల్లింది. ఆ తర్వాత ఏటి మీద ఏ కార్యక్రమానికైనా ముందు సరంగుని అడిగి, ఆ తర్వాతే అతిథికి టైము రాశాను.