పెట్టె మీద లేని ఇంటిపేరు

మా బావ గల్ఫ్‌లో పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. శవాన్ని తెప్పించడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలన్నారు. అక్కను బండి మీద కూర్చోబెట్టుకుని మెట్‌పల్లిలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను.

సెంటర్ నడిపే మనిషి బావ పేరు కొట్టగానే తెర మీద ఎర్రగా ఇంగ్లిష్‌లో ఒక వాక్యం వచ్చింది.

"ఏమంటుంది తమ్మీ?" అంది అక్క.

"బూతు మాట వాడిన్రట. మర్యాదగ రాయమంటుంది."

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేనెవల్ని తిట్టిన?"

బావ ఇంటిపేరును ఇంగ్లిష్‌లో రాస్తే నడుమ నాలుగక్షరాలు ఒక బూతు అవుతాయి. ఊళ్లో ఏ ఒక్కరికీ అది కనబడలేదు, మనుషులు పేరును పేరుగానే చదువుతారు కాబట్టి. సాఫ్ట్‌వేర్ మాత్రం మాట కడుపులో మాట వెతుకుతుంది. నాకెలా తెలుసంటే, నేనూ ఆ సాఫ్ట్‌వేర్ కూడే తింటున్నాను. బూతుల్ని ఏరి ఆపే అలాంటి జల్లెడ ఒకటి మా ఆఫీసులో నేనే రాశాను. మనుషుల పేర్లు కూడా ఆపేస్తోందని తోటి ఉద్యోగిని చెబితే, "తర్వాత చూద్దాం" అన్నాను. చూడలేదు.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను.

"సిస్టమ్ తీసుకోవట్లేదంటే అందులో తప్పుందన్నట్టే సార్. పేరు మార్చి ప్రయత్నించండి."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకం! అరికాలి మంట నెత్తికెక్కింది. "చచ్చినోని పేరు మార్చుమంటవా?" అని అరిచాను. ఫోన్ పెట్టేశాడు.

"గరం గాకు అన్నా," అన్నాడు సెంటర్ మనిషి. "గిసొంటియి రోజు వస్తయి. ఇంటిపేరు తీసేస్తే పోతది. అందరికి గట్లనే చేస్తున్న."

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉందని నాకు తెలుసు. అక్క ఏడుపు చూడలేక ఊరుకున్నాను. దరఖాస్తు నిమిషంలో వెళ్లిపోయింది.

వారానికి గల్ఫ్‌ నుంచి కబురొచ్చింది: పేర్లు కలవడం లేదు, శవాన్ని ఇవ్వలేం. ఇక ప్రమాణపత్రాలు, సంతకాలు, ముద్రలు. బావ ఎక్కడో చల్లటి గదిలో ఉన్నాడు. ఇక్కడ అక్క మెడలో పుస్తెలు అలాగే ఉన్నాయి. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ల కళ్లన్నీ వాటి మీదే. ఒకరోజు అక్క నన్నే అడిగింది.

"ఉంచుకోవాల్నా, తియ్యాల్నా? చెప్పు తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి."

ఆ జల్లెడ రాసినవాడి గల్లా పట్టుకోవాలనిపించింది. అలాంటిదే రాసిన నా గల్లా కూడా నేనే పట్టుకోవాలి మరి.

నెల దాటాక పెట్టె వచ్చింది. వాకిట్లో దింపారు. మూత మీద అంటించిన కాగితంలో ఇంగ్లిష్‌లో ఒక్క మాటే ఉంది, మొదటి దరఖాస్తులో వెళ్లినట్టే బావ పేరు. అక్క చదివించుకుంది.

"ఇంటిపేరేది?"

నేను ఆ కాగితాన్ని మళ్లీ చదివాను.

"గా పేరుతోని సగం ఊరుంటది. గీయిన ఎవల ఇంటోడు? రాయి."

లోపలినుంచి పిల్లల మార్కర్ తెచ్చి, ఆ కాగితం మీదే తెలుగులో రాశాను. అక్క వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.

"గిండ్ల బూతు ఏడున్నది తమ్మీ?"

"లేదక్కా."

"ఇగ తియ్యుండ్రి మూత," అంది.