నాలుగు చక్రాల సవతులు

మా ముసలాయన మల్సూర్‌కు బండి స్టార్టయ్యే చప్పుడు చెవిన పడితే పెండ్లాం యాదికుండదు. కోదాడల మా ఇంటి ముందరనే కిరాయి కార్ల అడ్డా. పొద్దుగాల ఎవరన్న సెల్ఫ్ కొడితే చాలు, తినే బువ్వ ఇడిసిపెట్టి ఉరుకుతడు. బానెట్‌కు చెవి ఆనిస్తడు, కండ్లు మూస్తడు, చెయ్యి లేపుతడు. "ఇంకోపారి కొట్టు!"

టక్‌టక్ అంటే బ్యాటరీ, కిర్రుమంటే బెల్టు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీ ముప్పయ్యేండ్లు తోలిండు గద, చెప్తే తప్పిపోదు. నేను వంటింట్లకెల్లి పదిసార్లు పిలిస్తే మాత్రం "ఏమన్నవే?" అంటడు. నాకు సవతులు పన్నెండు మంది. అందరికీ నాలుగేసి చక్రాలే.

సూర్యాపేటల మా అక్క మనుమరాలు పూర్ణిమ పెండ్లి. అప్పగింతలయినయ్, పిల్ల ఎక్కెక్కి ఏడుస్తున్నది, పెండ్లికారు సెల్ఫ్ కొట్టిండ్రు. ఈయన పూలదండలల్ల తలకాయ పెట్టి, "ఇంకోపారి కొట్టు!" ఏడ్సే పిల్ల పక్కున నవ్వింది. ఫోటోల పెండ్లికొడుకు సగమే ఉన్నడు, మా ఆయన పిర్రలు మాత్రం నిండుగున్నయ్.

ఇగ నా మిక్సీ. నెలకు మూడు నాలుగుసార్లు దానికి చెవి పెట్టి, "చప్పుడు బాగలేదే, ఇయ్యాల తిప్పకు" అని అలమారల పెడతడు. హోటల్‌కెల్లి ఇడ్లీలు తెస్తడు, నీళ్ళ చట్నీతోటి. తెల్లారి మిక్సీ తీసి, "మంచిగైంది" అంటడు. ఎవడు బాగుచేసిండో! సవతులకు సేవలు, నా మిక్సీకి అలమార.

మొన్న డ్రైవర్ దేవేందర్ మిర్యాలగూడ కిరాయికి బండి తీస్తుంటే ఈయన అడ్డం వడ్డడు.

"ఆగు! బెల్టు తెగేటట్టున్నది."

"పెద్దయ్యా, కిరాయోళ్ళు ఎదురుసూస్తున్నరు!"

"వాళ్ళకు మల్లేష్ బండి పంపుత. నువ్వు గా మంచంల ఒరుగు, నేను సూస్త."

ఆ మంచం నాది. ఆ ఫ్యాను నాది. వాడు గురక మొదలుపెట్టిండు, నాకు కడుపు మండింది. మెకానిక్ గణేష్‌ను పిలిచి బండి సూపిచ్చిన.

"పెద్దమ్మా, బెల్టు కొత్తది. నిన్ననే నేనేసిన."

దొరికిండనుకున్న. "నీ చెవులు ఖతమైనయ్!" అని ఈయన మీద పడ్డ.

"మెల్లగనే, పోరడు లేస్తడు" అన్నడు. "బెల్టు మంచిగనే ఉన్నది. వాని కండ్లు సూసినవా, ఎట్ల ఎర్రగున్నయో? రెండు దినాల సంది నిద్ర లేదు. పండుకోరా అంటే ఇంటడా? బండికి బాగలేదంటే ఇంటడు."

నా మిక్సీ అలమారకెక్కిన దినాలు ఒక్కటొక్కటే యాదికొచ్చినయ్. అన్నీ నా కుడి రెక్క నొప్పితోటి గుంజిన దినాలే.

తెల్లారి నా రెక్క బ్రహ్మాండంగ ఉన్నది. అయినా పిలిచిన.

"ఓ అయ్యా, మిక్సీ కిర్రుమంటున్నది, జర సూడరాదు?"

ఒక్క పిలుపుకే వచ్చిండు. చెవి ఆనిచ్చిండు, కండ్లు మూసిండు, చెయ్యి లేపిండు. మిక్సీ ప్లగ్గు నా చేతులనే ఉన్నది.

"ఔనే, చప్పుడు అస్సలు బాగలేదు. ఇడ్లీలు తెస్త."

బయట ఏదో కారు సెల్ఫ్ కొట్టింది. ఈయన అటు సూడనే లేదు.

"చట్నీ గట్టిగ పోయించుకరా" అన్న.