గుడ్డల కొట్టు ఉండిన మూల

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో నేను పెరిగిన చిన్న ఊరిని మళ్లీ ఒకసారి చూడాలని అమ్మ ఎన్నాళ్లుగానో అడుగుతుంటే, మొన్న వేసవిలో కార్లో తీసుకెళ్లాను. నాన్న పనిచేసిన నూలు మిల్లు లేదు, అక్కడ గడ్డి మొలిచింది. సినిమా హాలు కూల్చి పార్కింగ్ చేశారు. అమ్మ వాటిని పట్టించుకోలేదు. ఆమె చూడాలనుకున్నది మెయిన్ స్ట్రీట్ మూలనున్న గుడ్డల కొట్టును. ఇంగ్లిష్ సరిగా రాని రోజుల్లో అమ్మ జాకెట్ గుడ్డ కోసమని వెళ్లి, కొట్టు నడిపే పెద్దావిడ పక్కన కుట్టుపని చేస్తూ సాయంత్రం దాకా కూర్చునేది. ఆ ఊళ్లో అమ్మకు వేరే స్నేహితులు లేరు.

ఇప్పుడక్కడ ఫోన్లు అమ్ముతున్నారు. కౌంటర్‌లోని అమ్మాయిని అమ్మ ఇంగ్లిష్‌లోనే అడిగింది.

“ఇక్కడ గుడ్డల కొట్టుండేది. ఆవిడ ఏమయ్యారు?”

“సారీ మ్యామ్. నేను ఈ ఊళ్లోనే పుట్టాను. అలాంటి షాప్ గురించి ఎప్పుడూ వినలేదు.”

బయటికొచ్చాక, “సిమెట్రీకి డ్రైవ్ చేయనా? సమాధి మీద పేరుంటుంది కదా,” అన్నాను.

అమ్మ ఆ ఫోన్ల కొట్టు వైపు తిరిగి చూసింది.

“ఆవిడ పేరు నాకు తెలీదే. నన్ను హనీ అనేది. నేనూ హనీ అనే పిలిచేదాన్ని.”

ఇంకెవరినీ అడగలేదు. కారెక్కి వచ్చేశాం.