ముప్పావు అంగుళం గంట

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. మంచినీళ్ళు ఇచ్చినా లోటాలోకి తొంగిచూసి తాగే మనిషివి నువ్వు అని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఎగతాళికే అన్నా నిజమే అనేది. ఆ బుద్ధితో ఒకటి రెండు సార్లు మోసపోకుండా బయటపడ్డాను కూడా, అందుకని దాన్ని తెలివి అనుకుంటూ వచ్చాను. యుద్ధం రోజుల్లో ఆ బొమ్మ చర్చి చేసేదాకా అట్లాగే అనుకున్నాను.

అప్పుడు నేను రేణిగుంట రైలు షెడ్డులో వడ్రంగిని. పెట్టెల తలుపులు, కిటికీ చట్రాలు బాగుచేయడం నా పని. షెడ్డుకు మైలు దూరంలో, పట్టాల పక్కనే మా పల్లె. మా నాయన ముప్పై ఏళ్ళు లైను గ్యాంగులో పనిచేసి, పని చాలించుకున్నాక పల్లెలోని మందిరానికి, అంటే మా చర్చికి, పెద్దగా ఉండేవాడు. మందిరమంటే మట్టిగోడలు, సున్నం పూత, నాటు పెంకుల కప్పు, అంతే. ముందర దూలానికి మూడడుగుల రైలు పట్టా ముక్క వేలాడేది. ఆదివారం మా నాయన ఇనుప కడ్డీతో దాన్ని కొడితే పక్క పల్లెకు కూడా వినిపించేది. అదే మా గంట.

నేను మద్రాసులో పని నేర్చుకుని తిరిగి వచ్చేసరికే ఆ ముక్క అక్కడ వేలాడుతోంది. ఎక్కడిదని ఎప్పుడూ అడగలేదు. గ్యాంగులో పనిచేసినవాడి చేతికి పట్టా ముక్క ఎట్లా వస్తుందో నాకు తెలియదా? అడిగితే ఏం చెబుతాడోనని భయం.

ఒకరోజు లైను ఇన్‌స్పెక్టరు దొర బంగళాకు రమ్మని కబురు పెట్టాడు. రంగు దొరదే గానీ మాట మాత్రం గ్యాంగువాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఇంకో ఏడాదికి పని చాలించుకుంటాడని చెప్పుకునేవారు. వెనక వరండాలో పెద్ద బల్ల మీద బొమ్మ రైలు పెట్టుకున్నాడు. కీ ఇస్తే తిరిగే ఇంజను, రేకు పెట్టెలు, స్టేషను, సిగ్నలు, అన్నీ ఉన్నాయి.

"ఈడ ఒక చర్చి కావాల మేస్త్రీ. మీ పల్లెలోదే. అడుగుకు కాలంగుళం లెక్కన చెయ్యి" అన్నాడు.

అప్పుడే నాకు అనుమానం పుట్టింది. తిరుపతిలో, చిత్తూరులో అంతంత చర్చిలుండగా మా మట్టిగోడల మీద ఈయన కన్నెందుకు పడింది? ఇంటికొచ్చి మా ఆవిడతో అంటే, "ముచ్చటపడి అడిగినాడేమో, దానికీ అనుమానమేనా!" అని కొట్టిపారేసింది.

టీ పెట్టె పలకలు కోసి గోడలు నిలిపాను. బంకలో సున్నం కలిపి పూశాను. రెల్లుపుల్లలు నిలువునా చీల్చి, ఎర్రమట్టి జాజు పూసి, ఒక్కొక్కటే అతికించి పెంకులు పరిచాను. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. దొర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది. కానీ నిన్న కట్టినట్టుండాది. పాతది చెయ్యి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పాతదాన్ని కొత్తదిగా చేయడం మా గురువు నేర్పాడు గానీ, కొత్తదాన్ని పాడుచేయడం నేర్పలేదు. అంతటితో ఆగితే సరిపోయేది. ఆయన పోలీసువాడిలా ప్రశ్నలు మొదలుపెట్టాడు. వానకు ఏ పక్క గోడ కారుతాది? పాచి యాడ పట్టింది? పెంకులు ఎన్ని పగిలినాయి? అన్నిటికీ చెప్పాను.

"ముందర దూలానికి ఒకటి వేలాడుతాది సూడు, అది ఎంత పొడుగు?"

అంతకు నెల ముందే ఇనుము దొంగతనమని ఇద్దరు గ్యాంగువాళ్ళ ఇళ్ళు సోదా చేశారు. ఇంట్లో నాలుగు మేకులు దొరికినందుకే ఒకడి పని పోయింది. మరి మాది మూడడుగుల పట్టా!

"ఏమీ లేదు దొరా. ఉత్త తాడు" అన్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూసి, చుట్ట వెలిగించుకున్నాడు. తిట్టినా ఇంత భయం వేసేది కాదు.

ఇంకేముంది, నాకు అంతా అర్థమైపోయింది. చర్చి ఒక సాకు. మా నాయన దొంగతనాన్ని నా చేతే బయట పెట్టిస్తున్నాడు. ఆ శనివారం మా నాయన సంతకు పోయినప్పుడు పట్టా ముక్కను దించి, గోనెసంచిలో చుట్టి, కరకంబాడి దారిలోని కమ్మరి కొలిమికి మోసుకుపోయాను. నాకు ఏమీ ఇవ్వద్దు, వెంటనే నాగలి కర్రులు చేసెయ్యమన్నాను. ఇనుము దొరకని కాలం, వాడు మారుమాట్లాడలేదు.

తెల్లారి మా నాయన చేతిలో కడ్డీ పట్టుకుని దూలం కింద నిలబడిపోయాడు.

"యాడికి పోయిందిరా?"

"ఎవడో ఎత్తుకపోయినట్టుండాడు నాయనా."

వారమంతా ఆయన కంపచెట్లలో, కాలవల్లో వెతుకుతూ తిరిగాడు. నేను వాకిట్లో కూర్చుని బొమ్మ చర్చిని ముసలిదాన్ని చేస్తూ ఉన్నాను. టీ డికాషన్ కుంచెతో పైనుంచి జార్చితే గోడల మీద వాన చారలు తేలాయి. చూరు కింద దీపం మసి రుద్దాను. మందిరం వెనక గోడ పాచిని గీకి, ఎండబెట్టి, పొడిచేసి అడుగున అద్దాను. పడమటి కొసన మూడు పెంకులు విరిచాను. కోపంతో మొదలుపెట్టినా చేతికి ఆ పని రుచించింది, ఏం దాచుకోవాలి! దూలానికి మాత్రం ఉత్త దారం వేలాడదీశాను.

రెండో ఆదివారం కూడా గంట లేకుండానే గడిచింది. సోమవారం దొరకు తీసుకుపోయి ఇచ్చాను. ఆయన బల్లకు కళ్ళు ఆనించి, రైలును చర్చి పక్కనుంచి ఒకసారి నడిపించి చూసుకున్నాడు. తరువాత సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. అందులో బొమ్మ రైలు పట్టా ముక్క, ముప్పావు అంగుళం ఉంటుంది. బల్ల మీది పక్క లైను కొసన తానే కోసి, సన్నగా బెజ్జం పెట్టాడు.

"మీ నాయన గంట మరిచిపోయినావు" అంటూ నా దారానికి దాన్ని కట్టాడు. "పని చాలించుకునేటప్పుడు నీకేం కావాలప్పా అని అడిగితే, పనికిరాని పట్టా ముక్క ఒకటి ఇప్పించండి దొరా, మా మందిరానికి గంట లేదన్నాడు. నేనే కోయించి ఇస్తి. ట్రాలీలో పోతా పోతా ఆ సద్దు వినేవాణ్ణి. రెండు వారాలుగా వినపడలేదే. మీ నాయనకు ఒంట్లో బాగలేదా?"

అక్కడినుంచి కొలిమికి పరుగెత్తాను. కర్రులు ఎప్పుడో అయిపోయాయి, రైతులు తీసుకుపోయారు. ఛీ, నా బుద్ధి తగలెయ్య!

ఇంటికొచ్చి మా నాయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. తిట్టలేదు, చేయెత్తలేదు.

"నీ పని పోతాదని భయపడితివి. అది సరే. అయితే ఇన్నేండ్లూ నన్ను దొంగ అనుకుంటానే నా పక్కన కూచుని ప్రార్థన చేస్తివా?"

సంగతి తెలిసి ఇంకో ముక్క ఇప్పిస్తానని దొర కబురు పెడితే, "వద్దు. మళ్ళీ ఎవరికి ఏం అనుమానం వస్తాదో" అని చెప్పి పంపాడు. ఆ తరువాతి ఏడు దొర పని చాలించుకుని, బొమ్మ రైలును, చర్చిని పెట్టెల్లో కట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఆదివారం పొద్దున మా నాయన ఆ కడ్డీనే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ప్రతి గడప మీద రెండు దెబ్బలు కొట్టి, "ప్రార్థనకు రండప్పా" అని పిలిచేవాడు. మా వీధి వరసలో ఆయన ఇల్లు మొదటిది, నాది నాలుగోది. నేనూ మా ఆవిడా ఉతికిన బట్టలు కట్టుకుని, తలుపు తీసిపెట్టుకుని కూర్చునేవాళ్ళం. మూడో గడప మీద రెండు దెబ్బలు వినపడేవి. ఆ తరువాత ఐదో గడప మీద.