బ్యాంకు పెట్టని డిపాజిట్

మా ఊళ్లో పంచాయితీ కూర్చోవాలంటే ముందు రెండు పక్షాలూ పెద్దమనుషుల చేతిలో డిపాజిట్ పెట్టాలి. తీర్పు చెప్పాక మాట మీద నిలబడ్డవాడి డబ్బు తిరిగొస్తుంది, మాట తప్పినవాడిది పోతుంది. చిన్నప్పటి నుంచీ చూసిన పద్ధతి. బహ్రెయిన్‌లో నన్ను నిలువునా ముంచబోయింది కూడా ఆ పద్ధతే.

అమ్వాజ్‌లో అపార్ట్‌మెంట్ల ఏసీలు బాగుచేయడం నా పని. జీతం బ్యాంకులో పడుతుంది కాబట్టి బ్యాంకు అప్పిచ్చింది. ఆ అప్పుతో ఊళ్లో ఇల్లు కట్టాను. స్లాబు పడింది, సున్నాలయ్యాయి, తలుపులు బిగించారు. సరిగ్గా అప్పుడే మా కంపెనీ మూతపడింది. ఇంకో కంపెనీలో కుదురుకునే లోపల వాయిదాలు తప్పాయి. బ్యాంకు కోర్టుకు వెళ్లింది. బాకీ సంగతి తేలేదాకా నేను దేశం దాటకుండా కోర్టు అడ్డు పెట్టింది. ఆ ముక్క నాకు తెలిసింది ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర. గృహప్రవేశానికని నా భార్యకు కొన్న చీర పెట్టెలోనే ఉంది. ఆ పెట్టెను మళ్లీ నువైద్రాత్‌లో నేనుండే గదికి మోసుకొచ్చాను.

ఊళ్లో ఆమె కొత్త ఇంటికి తాళం వేసి, ఎదురుగా కిరాయి గదిలో ఉండిపోయింది. "ఇద్దరం కలిసి గడప దాటాలె. అప్పటిదాక అండ్ల పావురాలే ఉండనీ" అంది. ఒక్కదానివే పాలు పొంగించుకో అంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. మొండిది.

బ్యాంకుతో మాట్లాడి, నెలకింత కడతానని ఒప్పందం రాయించుకుంటే అడ్డు తీస్తారని రూములో అందరూ అన్నారు. మరి ఆ ఒప్పందం చేయించేదెవరు? నా ముందు రెండు దార్లు కనిపించాయి.

మొదటిది మా స్టోర్‌కీపర్ మలయాళీ భాయ్ చూపించిన వకీలు. బహ్రెయినీ ఆవిడ. ఆమె చెప్పేది గుమస్తా హిందీలో నాకు చెప్పాడు. సగం మాఫీ ఎవరూ చేయరంది. వడ్డీలో కొంత తగ్గించమని అడుగుతానంది. కొన్ని నెలలు తప్పకుండా కట్టాకే అడ్డు తీయమని బ్యాంకు కోర్టుకు చెబుతుంది, మధ్యలో ఒక్క నెల తప్పినా కథ మళ్లీ మొదటికే అంది. ఫీజు మాత్రం బ్యాంకు సంతకం పడ్డాకే ఇవ్వమంది. నెలకు ఎంత కట్టగలవని అడిగితే నేను గొప్పకు పోయి పెద్ద అంకె చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మరి తింటావా, తినవా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. నా తిండి సంగతి ఈవిడకెందుకు!

రెండోవాడు మా పక్క మండలం మనిషి. సనాబిస్‌లో మొబైల్ షాపు పైన ఆఫీసు. వెళ్లగానే చాయ్ తెప్పించాడు.

"అన్నా, ఫికర్ చెయ్యకు. సగం మాఫీ చేపిస్త. మిగిలింది కిస్తుల మీద కట్టుకో. అడ్డు ఒక్క నెలల ఖలాస్. ముందుగాల డిపాజిట్ ఒక్కటి పెట్టు, మన పంచాయితీల పెట్టినట్టే."

ఆ మాట వినగానే ఊళ్లో చావడి దగ్గర కూర్చున్నంత ధైర్యం వచ్చింది. డిపాజిట్ తీసుకునేవాడే పెద్దమనిషి. ముందు పైసా తీసుకోకుండా పంచాయితీ చేస్తానన్న ఆ వకీలు మాట బ్యాంకు ఎందుకు వింటుంది? నా తలకాయ, అలా ఆలోచించాను.

డిపాజిట్‌కు నా దగ్గర డబ్బు లేదు. మహిళా సంఘంలో అప్పు తీసి పంపమని నా భార్యకు చెప్పాను. తీసింది. కానీ పంపేముందు ఆ మనిషితో ఒక మాట మాట్లాడతానంది. అతని ఆఫీసులోనే కూర్చుని ఫోను స్పీకర్‌లో పెట్టాను.

"అన్నా, బ్యాంకోళ్లు ఎంత పెట్టిన్రు?" అని అడిగింది.

"ఏంది చెల్లె?"

"డిపాజిట్. మా ఆయన పెడుతుండు గదా. అవుతలోళ్లు ఎంత పెట్టిన్రు?"

అతను నవ్వాడు. "బ్యాంకోళ్లు ఎందుకు పెడ్తరు చెల్లె!"

"మరి గది డిపాజిట్ ఎట్లయితది? ఒక్క దిక్కే పెట్టిపిచ్చుకుంటే పంచాయితీ కాదన్నా, దోపిడి."

ఇన్నేళ్లు చావడి దగ్గర చూసిందేమిటి, ఇక్కడ నేను చేస్తున్నదేమిటి! బ్యాంకుతో మాట్లాడినట్టు ఒక్క కాగితం చూపించమన్నాను. ముందు పైసలు, తర్వాత కాగితం అన్నాడు. ఆ పైన గొంతు తగ్గించి, "ఆడోళ్లకు ఇవి తెల్వయన్నా, ఫోన్ బంద్ చెయ్యి" అన్నాడు. ఇక నాకు కోపం ఆగలేదు. "మా ఊరి సంఘం లెక్కలు చూసేది ఆమెనే రా!" అని అరిచి మెట్లు దిగాను. ఫోను ఇంకా స్పీకర్‌లోనే ఉంది, మెట్ల మీద ఆమె నవ్వు వినపడింది.

వకీలు దగ్గరికే వెళ్లాను. నేను చెప్పిన అంకెను కొట్టేసి ఆవిడ చిన్నది వేసింది. బ్యాంకు గునిసింది, ఒప్పుకుంది. ఆ చిన్న అంకె కట్టడానికే కొన్ని నెలలు ఓవర్‌టైం లేకపోతే పప్పుచారుతో గడిపాను. నా గొప్ప అంకెకు ఒప్పుకుని ఉంటే రెండో నెలలోనే తప్పేవాణ్ని. తిండి గురించి అడిగిందని ఆవిడను తిట్టుకున్నాను. నా బాకీ గురించి అడిగినవాళ్లు ఎందరో ఉన్నారు, నేను బతకాలి కదా అని అడిగింది ఆవిడొక్కతే.

అడ్డు తీసేశారని వకీలు ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు అమ్వాజ్‌లో ఎవరిదో బాల్కనీలో ఏసీ విప్పి ఉన్నాను. వెంటనే ఇంటికి ఫోను చేశాను. సంతోషవార్త చెప్పాక అసలు సంగతీ చెప్పాను. ఊరు వదిలి నాలుగేళ్లయినా టికెట్‌కు డబ్బు లేదు, ఇంకొన్నాళ్లు ఆగాలి.

"సంఘం పైసలున్నయి గదా" అంది.

"అప్పుడే తిరిగి కట్టేయలేదా?"

"లే. నీ డిపాజిట్ అని పక్కకు పెట్టిన. బీడీలు చేసుకుంట కిస్తు నేనే కడుతున్న. రేపు పంపుత, టికెట్ తీస్కో. నువ్వచ్చి గడప దాటకుంటే గవి మునిగినట్టే."

నవ్వొచ్చింది. ఆటపట్టిద్దామని, "గట్లయితే ఒక్క దిక్కే అయితది గదనే. నా దిక్కు డిపాజిట్ ఏది?" అన్నాను.

"నాలుగేండ్ల సంది పెట్టినవ్ గదా. ఇగ వాపస్ తీస్కుందువు రా" అంది.

విప్పిన ఏసీ ముందు కూలబడి ఏడ్చాను.